ఎట్ల సచ్చిన్రు, అంకుల్?

ఆన్‌లైన్ తుపాకీ ఆటలో కొత్తవాడి ఆయుష్షు రెండు నిమిషాలు. జాతకం బాగుంటే మూడు. విమానంలోంచి దూకి, పారాచూట్ విప్పుకుని, ఏదో మిద్దె మీద వాలి, గదిలో పడి ఉన్న తుపాకీని చేతికి తీసుకునేలోపే ఎక్కణ్నించో టపటపమని చప్పుడు. తెర ఎర్రబడుతుంది. ఆ వెంటనే మనల్ని చంపినవాడి పేరు కనిపిస్తుంది. ఆ పేరు చూస్తే ఏ ఎనిమిదో తరగతి కుర్రాడో పెట్టుకున్నట్టుంటుంది. చాలాసార్లు నిజంగానే ఎనిమిదో తరగతి కుర్రాడు.

మా ఇల్లు తార్నాకలో. పై అంతస్తులో ఎప్పుడూ ఉస్మానియా పిల్లలే అద్దెకుంటారు. ఒకప్పుడు పీహెచ్‌డీలు చేసేవాళ్లు ఎక్కువ, ఇప్పుడు గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఎక్కువ. పగలంతా యూనివర్సిటీ లైబ్రరీలోనో, క్యాంపస్ చెట్ల కిందనో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. రాత్రి అన్నాలయ్యాక నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని డాబా మీద పిట్టగోడకు ఆనుకుంటారు. ఇక మొదలు. ‘రైట్ల ఉన్నడు, రైట్ల ఉన్నడు.’ ‘నేను నాక్ అయిన, రివైవ్ చెయ్‌రా.’ ‘జోన్ వస్తుంది, ఉరుకు.’ యాభై దాటిన మనిషిని, నేనూ ఒక ఫోన్ పట్టుకుని వాళ్ల పక్కన చేరాను. దీనిమీద మా ఇంట్లో వెలువడిన అభిప్రాయాలు ఇక్కడ అప్రస్తుతం.

నేను చచ్చిన ప్రతిసారీ ఆ పిల్లలు ‘ఎంతమందిని కొట్టిన్రు’ అని అడగరు. ‘ఎట్ల సచ్చిన్రు, అంకుల్?’ అంటారు. అందులో వెటకారం లేదు. జవాబు చెప్పేదాకా తర్వాతి ఆటకు రానివ్వరు. ‘ఎవడో కొట్టాడయ్యా’ అంటే ఒప్పుకోరు. ఎటువైపు నుంచి కొట్టాడు? వాడి అడుగుల చప్పుడు వినబడిందా? మీరప్పుడు నిలబడి ఉన్నారా, పరుగెడుతున్నారా? చేతిలో తుపాకీ ఉందా, కింద పడ్డ సామాను ఏరుకుంటున్నారా? పంచనామా పూర్తయ్యాకే పునర్జన్మ. ఈ ఆటలు నేర్చుకోవడం గురించి ఎన్ని వీడియోలు చూసినా, ఎన్ని చిట్కాలు విన్నా, ఇంతకు మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

తుపాకీ ఆటలకూ విద్యార్థులకూ చుట్టరికం పాతది. 1973లో అమెరికాలోని నాసా ఎయిమ్స్ కేంద్రంలో పనిచేస్తున్న కుర్రాళ్లు కొందరు ‘మేజ్ వార్’ అనే ఆట తయారు చేశారు. చిట్టడవి లాంటి దారుల్లో తిరుగుతూ, వేరే కంప్యూటర్ ముందున్నవాణ్ణి వెతికి కాల్చడమే ఆట. కొద్దికాలానికే వాళ్లలో ఒకరు చదువుకోవడానికి ఎంఐటీకి వెళుతూ ఆటనూ వెంట తీసుకెళ్లారు. పాతికేళ్ల తర్వాత, 1999లో, కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చదువుతున్న మిన్ లీ, మిత్రుడు జెస్ క్లిఫ్‌తో కలిసి ‘కౌంటర్-స్ట్రైక్’ రాశాడు. ‘హాఫ్-లైఫ్’ అనే అప్పటి ఆటకు సరదాగా చేసిన మార్పు అది. మరుసటి ఏడాదే వాల్వ్ కంపెనీ దాన్ని కొనుక్కుని బజార్లోకి తెచ్చింది. పరీక్షల కాలంలో పిల్లల్ని చెడగొట్టే ఆట అని పెద్దలు తిట్టుకునే దాన్ని, పరీక్షలు రాయాల్సిన పిల్లవాడే తయారు చేశాడన్నమాట.

2000 తర్వాత హైదరాబాద్‌లో వీధికో ఇంటర్నెట్ సెంటర్ వెలిసిన రోజుల్లో, మెయిల్ చూసుకోవడానికి వెళ్లినవాళ్లకు పక్క క్యాబిన్లోంచి వినిపించేవి కౌంటర్-స్ట్రైక్ తుపాకీ మోతలే. యూనివర్సిటీ చుట్టుపక్కల సెంటర్లు ఇందుకు మినహాయింపు కాదు. అక్కడ కొత్తవాడికి గురువుల కొరత ఉండేది కాదు. కుర్చీ వెనక నిలబడి తన వంతు కోసం చూసే ప్రతివాడూ గురువే. ‘అరే, మూలకు చూడు, మూలకు’ అని అరిచేవాడు. పైగా ఆ ఆటలోనే ఒక బడి ఉంది. కౌంటర్-స్ట్రైక్‌లో చచ్చినవాడు ఆ రౌండ్ అయ్యేదాకా మళ్లీ పుట్టడు. చేతులు కట్టుకుని, బతికి ఉన్న తనవాళ్ల కళ్లతో మిగతా ఆట చూడాల్సిందే. వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో, ఏ మూలకు గురిపెట్టి నడుస్తున్నారో, ఎప్పుడు ఊరుకుంటున్నారో బలవంతాన కంటబడుతుంది. త్వరగా చచ్చేవాడు ఎక్కువసేపు చూస్తాడు. అంటే ఎవరికి పాఠం ఎక్కువ కావాలో వాళ్లకే ఎక్కువ పీరియడ్లు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. ఆట ఇంటర్నెట్ సెంటర్ వదిలి జేబులోకి చేరింది. వంద మందిలో ఒకడిగా దూకడం, చావడం, బటన్ నొక్కి మరో వంద మందిలో దూకడం. ఎదురుచూపు లేదు, కుర్చీ వెనక నిలబడేవాడు లేడు. కొత్తవాడు తన గదిలో ఒంటరిగా చచ్చి, ఎలా చచ్చాడో తెలియకుండానే మళ్లీ పుడుతున్నాడు. ఆట అందరి చేతికీ వచ్చింది కానీ, ఆ అరుపు పోయింది. ఆ అరుపును ఇప్పుడు ఎవరికి వారే అరుచుకోవాలి.

అలా అరుచుకోవడం మొదలుపెడితే ముందుగా తేలేది, మన చావుకు వేళ్ల మందకొడితనం కారణం కాదని. కంటికి కనబడిన దానికి వేలు కదలడానికి మామూలు మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. సాధనతో అది కొంచెం తగ్గుతుందేమో కానీ సగమైతే కాదు. మరి ఆరితేరినవాడు మనకంటే అంత ముందు ఎలా కాలుస్తున్నాడు? వాడి గురి అప్పటికే మనిషి తల ఎత్తులో ఉంది, తలుపు అంచు మీద ఉంది. మన గురి నేల మీద ఉంది, నడవాలి కాబట్టి దారి చూస్తున్నాం. శత్రువు కనబడ్డాక మనం గురిని పైకెత్తి, పక్కకు జరిపి, సరిచేసి, అప్పుడు కాల్చాలి. వాడికి కాల్చడం ఒక్కటే పని. కనుక కొత్తవాడు మొట్టమొదట నేర్చుకోవాల్సింది కాల్చడం కాదు, కాల్చని వేళ గురిని ఎక్కడ ఉంచాలో. ఆటలో తొంభై పాళ్లు కాల్చని వేళే.

నిజం తుపాకీ పట్టేవాళ్లదీ ఇదే దారి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ క్రీడలో సాధన చేసేవాళ్లు తూటా వేయకుండానే గంటలకొద్దీ తుపాకీ ఎత్తి, గురి నిలిపి, ట్రిగ్గర్ నొక్కుతారు. కాల్చడంలో కష్టం పేలుడుకు ముందరి నిశ్చలత్వంలో ఉందని వాళ్లకు తెలుసు. ఫోన్ ఆటలోనూ ట్రైనింగ్ గ్రౌండ్ ఉంటుంది. అక్కడ చావు లేదు, ర్యాంకు లేదు, అందుకే అటు ఎవరూ వెళ్లరు. రోజూ ఆటకు ముందు పది నిమిషాలు అక్కడ ఒకే తుపాకీతో గోడ మీద కాలుస్తూ, గుండ్లు ఎటు ఎగబాకుతున్నాయో చూసి వేలిని కిందికి లాగడం అలవాటు చేసుకున్నవాడికి రీకాయిల్ అనే భూతం వదులుతుంది. ఆటలో ఏకేఎం తుపాకీ దెబ్బ గట్టిదే, కానీ కొత్తచేతికి లొంగదు. ఎం416 లొంగుతుంది. ఒక దానితో కాపురం కుదిరాక రెండోదాని జోలికి వెళ్లొచ్చు.

సెన్సిటివిటీ సంగతీ ఇంతే. వేలు ఎంత జరిపితే చూపు ఎంత తిరగాలన్న లెక్క అది. పేరున్న ఆటగాళ్ల ‘సెన్సిటివిటీ కోడ్’ తెచ్చి పెట్టుకోవడం, రెండు ఓటములు కాగానే ఇంకొకరిది తెచ్చుకోవడం కొత్తవాళ్ల వ్యసనం. వేలు ఒక లెక్కకు అలవాటు పడేలోపే లెక్క మారిపోతుంది. ఎవరిదైనా ఫరవాలేదు, ఒకటి పెట్టుకుని కొన్ని వారాలు దాని ముఖం చూడకుండా ఉండటమే మందు.

కంటి కంటే చెవి ముందు నేర్చుకోవాలని మా డాబా పిల్లల సిద్ధాంతం. ‘ముందు ఇనుర్రి, అంకుల్. ఉరకకుర్రి’ అంటారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అడుగుల చప్పుడు ఎడమా కుడా, పై అంతస్తా కింద అంతస్తా తెలుస్తుంది. పరుగెత్తేవాడి అడుగులు దూరానికి వినిపిస్తాయి, వంగి నడిచేవాడివి అంతగా వినిపించవు. కొత్తవాడు ఎప్పుడూ పరుగెడుతూనే ఉంటాడు. తను ఎక్కడున్నాడో ఊరందరికీ చాటింపు వేసుకుంటూ, ఊళ్లో ఎవరెక్కడున్నారో తను వినకుండా.

ఇక దారులు. పబ్‌జీ పాత మ్యాపు ఎరాంగెల్ పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు ఎనిమిది. మన ఉస్మానియా క్యాంపస్‌లు ఎన్నో అందులో పడతాయి. క్యాంపస్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థి తార్నాక చౌరస్తాలో దిగి, పెద్ద రోడ్డు పట్టుకుని ఆర్ట్స్ కాలేజీకి నడుస్తాడు. వాడికి తెలిసింది ఆ ఒక్క దారే. రెండేళ్లున్నవాడికి హబ్సిగూడ వైపు నుంచి, మాణికేశ్వరి నగర్ బస్తీలోంచి, సీతాఫల్‌మండి వైపు నుంచి, విద్యానగర్ వైపు నుంచి ఎక్కడ దూరితే ఎక్కడ తేలతామో తెలుసు. ఏ వేళ ఏ చెట్టు కింద ఎవరుంటారో కూడా తెలుసు. మ్యాపు తెలియడమంటే ఈ రెండోది. బొమ్మ బట్టీపట్టడం కాదు, ఏ కిటికీలో మనిషి ఉండే అవకాశం ఉందో ముందే ఊహించడం. అందుకు కొత్తవాడు ప్రతిసారీ కొత్త ఊళ్లో దిగకూడదు. పోచింకి లాంటి రద్దీ ఊళ్లలో అసలే దిగకూడదు. మూలనున్న చిన్న చోటు ఒకటి ఎంచుకుని, అక్కడి ప్రతి మెట్టూ ప్రతి మూలా తెలిసేదాకా అక్కడే దిగాలి.

ఇవన్నీ తెలిసినా పంచనామా చేసుకునేవాళ్లు తక్కువ. ఎందుకంటే చావుకు సాకులు దగ్గరే ఉంటాయి. పింగ్ ఎక్కువుంది. వాడు హ్యాకర్. టీమ్‌మేట్ వెనక చూసుకోలేదు. ఇందులో అబద్ధం లేదు. హాస్టల్ వైఫైలో అందరూ ఒకేసారి సినిమా పెడితే పింగ్, అంటే ఫోన్‌కూ సర్వరుకూ మధ్య ఆలస్యం, నూట యాభై మిల్లీసెకన్లు దాటుతుంది, అప్పుడు మనం గోడ చాటుకు చేరామనుకున్నాక కూడా గుండు తగులుతుంది. దొంగ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఏరిపారేయడమే కంపెనీలకు పెద్ద పని. అయినా ఓ వారం చావులన్నీ డెత్ రీప్లేలో చూస్తే, అందులో ఎక్కువ భాగం ఆరుబయట నిలబడి సామాను ఏరుకుంటూ చచ్చినవే తేలతాయి.

గెలుపుతో కొలుచుకోవడమూ అంతే మోసం. ఈ ఆటల్లో ర్యాంకుల మొదటి మెట్లలో ఎదురయ్యేవాళ్లు చాలామంది మనుషులే కారు, కంప్యూటర్ నడిపే బాట్లు. కొత్తవాడు నిరుత్సాహపడి వెళ్లిపోకుండా పెట్టిన దిష్టిబొమ్మలు అవి. పదిహేను బాట్లను పడగొట్టి మీసం మెలేసినవాడు నాలుగు మెట్లు ఎక్కాక మనుషుల చేతిలో వరసగా చచ్చి, ఉన్నట్టుండి తన ఆట పాడైందనుకుంటాడు. పాడైంది ఆట కాదు, అసలు ఆట అప్పుడే మొదలైంది.

ఆటగాళ్లను ర్యాంకుల మెట్లు ఎక్కించే లెక్కల పద్ధతికి మూలపురుషుడు అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన ప్రొఫెసర్, చదరంగం ప్రియుడు. ఆయన లెక్కను ప్రపంచ చెస్ సమాఖ్య 1970లో తీసుకుంది. మన వరంగల్ అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడని పత్రికలు రాసింది ఆ లెక్క ప్రకారమే. బలవంతుణ్ణి ఓడిస్తే పాయింట్లు ఎక్కువ, బలహీనుణ్ణి ఓడిస్తే తక్కువ. ఆన్‌లైన్ ఆటలు ఈ ఊహనే పెంచుకుని, సమానుల్ని వెతికి ఎదురు నిలబెడతాయి. ఇందులో ఒక మెలిక ఉంది. సరిజోడీ కుదర్చడంలో యంత్రం గట్టిదైతే, ఇద్దరు తలపడే ఆటలో ఎంత నేర్చుకున్నా సుమారు సగం ఓడుతూనే ఉంటాం. మనం పెరిగిన కొద్దీ ఎదుటివాడూ పెరుగుతాడు. వంద మందిలో ఒక్కడే మిగిలే ఆటలోనైతే ఆ సగమూ దక్కదు. కనుక గెలుపుల సంఖ్య చూసి ‘నాకు రావడం లేదు’ అనుకోవడం లెక్క తెలియకపోవడమే. నిన్నటి చావుకు కారణమేమిటో ఇవాళ్టి చావుకూ అదే అయితే దిగులు పడాలి. కారణం మారితే ఎదిగినట్టే.

‘ఎట్ల సచ్చిన్రు’ అన్న మాట మా డాబా పిల్లల నోట వింటున్నప్పుడు నాకు వాళ్ల పగటి చదువు గుర్తుకొస్తుంది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వస్తే జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. ఒక్క మెట్టు దగ్గర దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో తమకు నిజంగా ఏం రాదో, ఎక్కడ తప్పారో చెప్పినవాళ్లు లేరు. మెయిన్స్ దాకా వెళ్లినవాడికైనా మార్కులు తెలుస్తాయి కానీ, ఏ వాక్యం దగ్గర జారాడో తెలియదు. వయసు మాత్రం లెక్క ప్రకారం కరుగుతుంది.

రాత్రి ఫోన్లో అదే కుర్రాడు ఓడితే, ఎందుకు ఓడాడో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. సాక్ష్యం రీప్లేలో ఉంటుంది. మూల్యం సున్నా. వెంటనే సరిదిద్దుకుని చూసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఏ గురువైనా కోరుకునేది ఈ మూడే. తప్పు త్వరగా తెలియాలి, తేటగా తెలియాలి, తప్పినందుకు జీవితం పోకూడదు. అందుకే వీళ్లకు ఈ ఆట అంటే అంత ప్రాణమేమోనని నా అనుమానం. తుపాకులంటే మోజని మనం అనుకుంటాం. న్యాయంగా, ఆలస్యం లేకుండా ఓడించే చోటు వీళ్ల రోజులో ఇదొక్కటే.

దీన్ని ఇంతకు మించి పొగడలేను. ఆ మేలుకూ హద్దుంది. 2003లో షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియర్ ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆటలు ఆడని వాళ్లతో రోజుకు గంట చొప్పున పది రోజులు తుపాకీ ఆట ఆడిస్తే, కంటి చూపును ఒకేసారి పలుచోట్ల నిలిపే శక్తి పెరిగిందని అందులో చూపించారు. రోజుకు గంట అన్న మాట గమనించాలి, రాత్రికి ఆరు గంటలు కాదు. ఆ హద్దు కోసం కాకపోయినా, మన ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్‌జీ సహా 118 యాప్‌లను నిషేధించింది. దేశ భద్రత, డేటా భద్రత కారణాలుగా చెప్పింది. మరుసటి జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది. తిరిగొచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అని హద్దు పెట్టారు. ఆ హద్దులు యంత్రానివి. నేర్చుకునేవాడి హద్దు అంతకంటే చాలా ముందే వస్తుంది. వరసగా మూడు ఆటల్లో చావుకు కారణం చెప్పుకోలేకపోతే బుర్ర అలిసిపోయిందని అర్థం. ఆ తర్వాత ఆడేదంతా తప్పుల్ని గట్టిపరుచుకోవడమే.

ఇంకో చీడ కూడా ఉంది. వాయిస్ చాట్‌లో ఆడపిల్ల గొంతు వినబడగానే బూతులు, వెకిలి మాటలు. క్యాంపస్‌లో నాకు తెలిసిన ఒక అమ్మాయి మైకు కట్టేసి, మగపేరు పెట్టుకుని ఆడుతుంది. జట్టు ఆటలో నోరు మూసుకుని ఆడటమంటే సగం ఆయుధాలు కింద పెట్టి దిగడం. ‘ఎట్ల సచ్చినవ్’ అని మర్యాదగా అడిగే నలుగురు ఆమెకు దొరకరు. కొత్తవాళ్లను ‘నూబ్’ అని తిట్టి తరిమే నోళ్లకూ ఇదే వర్తిస్తుంది. నిన్న వాళ్లూ కొత్తవాళ్లే.

కొత్తగా ఆడబోతున్న వాళ్లకు నేను చెప్పేది ఇంతే. తెలిసినవాళ్లు ముగ్గురు నలుగురితో ఆడండి. ఒక తుపాకీ, ఒక చోటు, ఒక సెన్సిటివిటీ పెట్టుకోండి. చచ్చిన వెంటనే మళ్లీ ఆడే బటన్ మీద వేలు వేయకండి. ఎటు నుంచి, ఎందుకు అన్నది ఒక్క వాక్యంలో పైకి చెప్పండి. చెప్పలేకపోతే రీప్లే చూసి చెప్పండి. మీ కంటే కొత్తవాడు పక్కన చేరితే వాణ్ణి తిట్టకుండా ఆ ప్రశ్నే అడగండి. ఆ ఒక్క వాక్యం తడుముకోకుండా చెప్పగలిగిన రోజున, మీ ర్యాంకు ఏదైనా సరే, మీరు కొత్తవాళ్లు కారు.